కూర్చున్న మనిషికి రెయిన్‌కోటు: వీల్‌చైర్, స్కూటర్ వాడేవాళ్ళ వాన బట్టలు, చలి బట్టల లెక్క

రెయిన్‌కోటు తయారుచేసేవాళ్ళు నిలబడ్డ మనిషిని దృష్టిలో పెట్టుకుంటారు. తల మీద పడ్డ నీళ్ళు భుజాల మీదుగా జారి కోటు అంచు దగ్గర కిందకి రాలిపోతాయి, మోకాళ్ళ కింద కాస్త తడిసినా ఇంటికెళ్ళి ప్యాంటు మార్చుకుంటే అయిపోయె. అదే కోటు వీల్‌చైర్లో కూర్చున్న మనిషికి తొడిగితే ఈ లెక్క ఏదీ పనిచెయ్యదు. నీళ్ళు రాలడానికి అంచు దొరకదు, నేరుగా ఒళ్ళోకి వస్తాయి. వెనకవైపు పొడుగు అంతా నడుం కింద ముద్దలా నలుగుతుంది, ముందువైపు మాత్రం పొట్ట దగ్గరే ఆగిపోతుంది.

జూన్ వచ్చిందంటే "వీల్‌చైర్‌కి ఏ రెయిన్‌కోటు మంచిది" అన్న ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు, జవాబులు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తాయి. ఒకరు పాంచో (తల దూర్చుకుని మీద కప్పుకునే చేతుల్లేని కవరు) వేసుకోమంటారు, ఇంకొకరు పాంచో అయితే చక్రంలో పడి ప్రాణం మీదకి వస్తుందంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఇద్దరి బండ్లే వేరు. అందుకే బట్ట సంగతి కన్నా ముందు బండి సంగతి చూడాలి.

ఏ బండి, ఎవరు తోస్తున్నారు

చేత్తో చక్రాలు తోసుకునే వీల్‌చైర్ ఒకటి. వెనక నుంచి ఇంట్లోవాళ్ళు తోసే వీల్‌చైర్ ఇంకొకటి, చూడ్డానికి రెండూ ఒకటే అయినా బట్టల విషయంలో అస్సలు ఒకటి కాదు. జాయ్‌స్టిక్‌తో నడిచే బ్యాటరీ వీల్‌చైర్ మూడోది. చేత్తో పెడల్ తిప్పే మూడు చక్రాల సైకిల్, దానికే బ్యాటరీ పెట్టినది నాలుగోది, మన దగ్గర శిబిరాల్లో ప్రభుత్వ సంస్థ అలిమ్కో ద్వారా ఇచ్చేవాటిలో ఇవే ఎక్కువ కనిపిస్తాయి. ఐదోది సైడ్ వీల్స్ బిగించిన స్కూటీ. భారత్‌ను పోలియో రహితంగా ప్రకటించింది 2014 మార్చి 27న, కానీ అంతకు ముందు దశాబ్దాల్లో పోలియో వచ్చిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకునే వయసులో ఉన్నారు. హైదరాబాద్‌లోనైనా రాజమండ్రిలోనైనా పొద్దున్నే సైడ్ వీల్స్ బండి మీద ఆఫీసుకి పోయేవాళ్ళలో చాలామంది వాళ్ళే.

ఇక్కడే ఒక గందరగోళం ఉంది. ఇంగ్లండ్ లాంటి చోట వికలాంగుల స్కూటర్ అంటే మెల్లగా నడిచే బ్యాటరీ బండి, ఫుట్‌పాత్ మీద గంటకి 4 మైళ్ళు, రోడ్డు మీదకి అనుమతి ఉన్నదైతే 8 మైళ్ళు, అంటే దాదాపు 13 కిలోమీటర్లు దాటకూడదు. ఆ బండి మీద మనిషినీ హ్యాండిల్‌నీ కలిపి కప్పేసే గుడారం లాంటి కవర్లు అక్కడ బాగా అమ్ముడవుతాయి. లండన్‌లో ఉన్న కొడుకు ప్రేమగా అలాంటిది నాన్నకి పంపించాడనుకోండి, నాన్నగారు దాన్ని సైడ్ వీల్స్ స్కూటీ మీద 40 స్పీడులో వేసుకెళ్తే గాలి లోపలికి దూరి మొత్తం తల మీదకి లేస్తుంది, ముందు రోడ్డు కనపడదు. వస్తువు మంచిదే, వేరే బండి కోసం పుట్టింది.

ఒడిలో ఎన్ని నీళ్ళు చేరతాయి

ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక చదరపు మీటరు మీద ఒక లీటరు నీళ్ళు. కూర్చున్న మనిషి ఒడి వెడల్పు 40 సెంటీమీటర్లు, పొడవు 45 అనుకుందాం. అంటే 0.18 చదరపు మీటరు. అరగంటలో 10 మిల్లీమీటర్లు పడిందంటే (మన వానలకి ఇది పెద్ద విషయం కాదు) ఒడి మీద ఒక్కచోటే 1.8 లీటర్లు పడ్డట్టు. భుజాల మీద నుంచి, ఛాతీ మీద నుంచి జారి వచ్చేవి దీనికి అదనం.

ఈ నీళ్ళు ముందుకు పోయి మోకాళ్ళ మీదుగా కారిపోతే బాగుండేది. కానీ చాలా వీల్‌చైర్లలో సీటు వెనక్కి కాస్త వాలి ఉంటుంది, మనిషి ముందుకు జారిపోకుండా. దాంతో నీళ్ళు కూడా వెనక్కే, పొట్ట వైపే వస్తాయి. అక్కడ ఏముంది? కోటు అంచు, ప్యాంటు నడుము, జిప్పు. రెయిన్ సూట్‌లో నీళ్ళు దూరడానికి అనువైన సందులన్నీ ఒకే చోట, సరిగ్గా నీళ్ళు నిలిచే చోటే ఉన్నాయి. స్కూటర్ మీద కూడా ఇదే కథ, ఎదురుగాలికి ఛాతీ మీద పడ్డ వాన కిందకి దిగి తొడల మధ్య సీటు మీద మడుగు కడుతుంది. పావుగంట తర్వాత "రెయిన్‌కోటు వేసుకున్నా లోపల తడిసిపోయింది" అనిపిస్తుంది, బట్ట చిల్లు పడిందేమో అనుకుంటాం, బట్టకేం కాదు.

అందుకని కూర్చునేవాళ్ళ కోసం కుట్టిన వాటిలో ముందు అంచు మోకాళ్ళు దాటి పాదాల దాకా వస్తుంది, వెనక అంచు నడుం దగ్గరే ఆగిపోతుంది. చూడ్డానికి తేడాగా ఉంటుంది, నిలబెట్టిన బొమ్మకి తొడిగితే ఎవరో కొలతలు తప్పి కుట్టినట్టు కనిపిస్తుంది.

లేబుల్ మీద 1,500, 3,000, 10,000 అంటే

బట్టని బిగించి దాని మీద నీటి స్తంభం నిలబెడతారు, ఎంత ఎత్తు దాకా కారకుండా తట్టుకుంటే అన్ని మిల్లీమీటర్లు అని రాస్తారు. ఈ అంకె మీద ఒక అపోహ ఉంది: వాన చినుకుని తట్టుకోడానికి 1,500 చాలు కదా, 10,000 ఎందుకు, డబ్బు గుంజడానికి కాకపోతే అని.

భుజాల మీద పడే చినుకు వరకైతే నిజమే. పిరుదుల కింద మాత్రం వేరు. 60 కిలోల మనిషి కూర్చుంటే అందులో 45 కిలోల దాకా సీటు మీద పడుతుందనుకుందాం, ఆనే స్థలం 900 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. అంటే చదరపు సెంటీమీటరుకి 50 గ్రాములు. నీటి స్తంభం లెక్కలో చెప్తే 500 మిల్లీమీటర్లు. ఇది సగటు మాత్రమే, తుంటి ఎముకలు ఆనే చోట దీనికి కొన్ని రెట్లు ఉంటుంది, కాబట్టి 1,500 బట్ట అక్కడ హద్దు మీద ఉన్నట్టే. తడి సీటు మీద కూర్చుంటే మన బరువే నీళ్ళని బట్టలోంచి పైకి నెట్టేస్తుంది. రోజంతా కూర్చునే మనిషికి ప్యాంటు అంకె కోటు అంకె కన్నా ఎక్కువ ఉండాల్సింది ఇందుకే, మార్కెట్లో మాత్రం రెండూ ఒకే గుడ్డతో సెట్టుగా వస్తాయి.

ఇంకోటి కుట్లు. ఎంత మంచి బట్టైనా సూది వెళ్ళిన ప్రతిచోటా చిల్లే. లోపలివైపు కుట్టు మీద టేపు అతికించి ఉందా లేదా అన్నది అంకె కన్నా ముందు చూడాల్సిన విషయం. ప్యాంటు పంగ దగ్గర నాలుగు కుట్లు కలిసే చోటు ఉంటుంది చూశారా, టేపు మొదట ఊడేది అక్కడే.

గాలాడే బట్ట మనకి అవసరమా

బజారులో దొరికే మామూలు రెయిన్ సూట్లు పీవీసీవో, నైలాన్ మీద పూత పూసినవో. నీళ్ళు రావు, చెమట కూడా బయటికి పోదు. ఖరీదైన వాటిలో సన్నటి పొర ఉంటుంది, నీటి చుక్కని ఆపి ఆవిరిని వదులుతుంది. చలిదేశాల్లో ఉండేవాళ్ళు దీన్ని ఆకాశానికెత్తుతారు. మన దగ్గర కొన్నవాళ్ళు "ఇంత పెట్టినా లోపల చెమటే" అని తిట్టుకుంటారు.

ఇద్దరి అనుభవమూ నిజమే. ఆవిరి తనంతట తాను బయటికి పోదు, లోపల ఎక్కువ, బయట తక్కువ ఉంటేనే పోతుంది. చలిదేశంలో బయటి గాలి చల్లగా ఉంటుంది, అందులో ఆవిరి తక్కువ, కాబట్టి ఆ తేడా ఎక్కువ. జులైలో అమలాపురంలో వాన పడుతున్నప్పుడు బయట గాలే ఆవిరితో నిండి ఉంటుంది, లోపలిది ఎటు పోతుంది? అందుకే నా లెక్కలో మన వానాకాలానికి ఖరీదైన పొర కన్నా చంకల కింద జిప్పు, వీపు మీద జాలీ ఉన్న చవక కోటు నయం, గాలి నిజంగా ఆడుతుంది. అమెరికాలోనో జర్మనీలోనో ఉండేవాళ్ళకి ఈ సలహా తిరగబడుతుంది.

ఒక్క మినహాయింపు, అది చిన్నది కాదు. వెన్నుపాముకి పైభాగంలో, ఛాతీ ఆరో వెన్నుపూస దగ్గరో (డాక్టర్లు టీ6 అంటారు) అంతకన్నా పైనో దెబ్బ తగిలినవాళ్ళకి దెబ్బ కింద భాగంలో చెమట సరిగ్గా పట్టదు, వణుకు రాదు, రక్తనాళాలు చలికి ముడుచుకోవు. అంటే ఒంటి వేడిని అదుపులో పెట్టే ఏర్పాటే దెబ్బతింది. వాళ్ళు ప్లాస్టిక్ సూట్‌లో ఉక్కపోతగా ఉన్న రోజు గంటసేపు ఉంటే ఒళ్ళు వేడెక్కిపోవచ్చు, జనవరిలో పల్చటి బట్టతో బయటికెళ్తే తెలియకుండానే చల్లబడిపోవచ్చు. పక్కవాళ్ళకి "నాకు బాగానే ఉందే" అనిపించే వాతావరణం వాళ్ళకి కొలత కాదు.

పాంచోనా, కోటూ ప్యాంటూనా

ఎక్కువ వాదన జరిగేది దీని మీదే.  పాంచో గొప్ప ఏమిటంటే తొడుక్కోవడం సులువు. కాళ్ళు కదలని మనిషి వీల్‌చైర్లో కూర్చునే రెయిన్ ప్యాంటు వేసుకోవాలంటే ఒక్కో కాలూ ఎత్తాలి, పక్కకి ఒరిగి నడుం పైకి లాక్కోవాలి, రెండోవైపు ఒరిగి మళ్ళీ లాగాలి. కాలికి ఆసరాగా కాలిపర్లు వేసుకున్నవాళ్ళకైతే ఆ ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, బూటు మీదుగా ప్యాంటు ఎక్కదు, పక్కన పైదాకా జిప్పు ఉంటే తప్ప. ఈ తతంగం అయ్యేసరికి వాన వెలిసిపోతుంది, అతిశయోక్తి అనుకోకండి. పాంచో అయితే అరనిమిషం.

పాంచోకి ఎదురు వాదన చక్రం. చున్నీ, చీర కొంగు బండి చక్రంలో పడితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. చేత్తో తోసుకునే వీల్‌చైర్‌లో పాంచో పక్క అంచు సరిగ్గా చెయ్యికీ చక్రానికీ మధ్యకి వస్తుంది, నెట్టిన ప్రతిసారీ గుడ్డని కూడా పట్టుకుంటాం. చేతి పెడల్ సైకిల్‌కి ఇంకా కష్టం, చెయిను ముందువైపే, ఛాతీకి ఎదురుగా తిరుగుతుంటుంది, వదులుగా వేలాడే అంచు దాంట్లోకి పోతే బండి అక్కడికక్కడే ఆగుతుంది, మెడ దగ్గర బిగుసుకుంటుంది. బ్యాటరీ వీల్‌చైర్లో చక్రం కన్నా జాయ్‌స్టిక్‌తో పేచీ. తడిసి బరువెక్కిన గుడ్డ దాని మీద వాలితే బండి తనంతట తాను కదులుతుంది. పాంచో తొడుక్కునేటప్పుడు, తీసేటప్పుడు పవర్ ఆపేసేది అందుకే.

కాబట్టి వెనక నుంచి ఎవరో తోసే వీల్‌చైర్‌కి పాంచో బాగా కుదురుతుంది, అంచులో ఎలాస్టిక్ ఉండి పాదాల పలక కింద పట్టుకుంటే ఇంకా మంచిది. బ్యాటరీ వీల్‌చైర్‌కి జాయ్‌స్టిక్ మీద విడిగా పారదర్శకమైన కవరు ఉండి, చెయ్యి లోపల పెట్టుకునే వీలుంటే పర్వాలేదు. సొంతంగా తోసుకునేవాళ్ళకి పైన పొట్టి కోటు, ఒడి మీద నడుముకి బెల్టుతో బిగించే విడి కవరు, ఈ జత ఎక్కువమందికి పనికొస్తుంది. ప్యాంటు ఎక్కించే బాధ లేదు, చక్రం దగ్గర గుడ్డ వేలాడదు. సైడ్ వీల్స్ స్కూటర్‌కి మాత్రం కోటూ ప్యాంటే, వేగం ముందు వదులు బట్ట నిలవదు.

ఒడి కవరు నచ్చనివాళ్ళూ ఉన్నారు. ఆసుపత్రి దుప్పటి కప్పుకున్నట్టుంటుంది, ఆఫీసుకి ఇలా వెళ్ళాలా అని. ఇది చిన్న అభ్యంతరం కాదు, వేసుకోడానికి మనసొప్పని బట్ట బీరువాలోనే ఉంటుంది. మరి గొడుగు? వీల్‌చైర్‌కి బిగించే గొడుగు స్టాండ్లు ఉన్నాయి, నిలువుగా పడే చిన్న వానకి, ఎండకి భేషుగ్గా ఉంటాయి. ఈదురుగాలికి అంతే సంగతులు.

చేతులు, మణికట్లు

సొంతంగా తోసుకునే మనిషికి చేతులే ఇంజను, చేతులే బ్రేకు. చక్రం పక్కన ఉండే, చేత్తో తోసే రింగు తడిస్తే పట్టు జారుతుంది, వాలులో దిగుతుంటే ఆపడం కష్టమవుతుంది. తోలు గ్లవ్స్ తడిస్తే నున్నగా అయిపోతాయి, ఆరాక గట్టిపడతాయి. హార్డ్‌వేర్ షాపులో దొరికే, అరచేతి వైపు రబ్బరు పూత ఉన్న పనివాళ్ళ గ్లవ్స్ తడిలో వీటికన్నా బాగా పట్టుకుంటాయి, ధర కూడా తక్కువే. కోటు చేతుల అంచు తడి టైరుకి రాసుకుని బురద పూసుకుంటుంది, మణికట్టు దగ్గర వెల్‌క్రోతో బిగిస్తే కొంత నయం, మోచేతి దాకా విడిగా తొడిగే ప్లాస్టిక్ తొడుగులైతే అవి మాత్రమే కడుక్కోవచ్చు.

చలి: పైన చెమట, కింద మంచు

చలికి స్వెటర్ మీద స్వెటర్ వేయడం మన అలవాటు. నడిచే మనిషికి కాళ్ళ పెద్ద కండరాలు పనిచేస్తూ వేడి పుట్టిస్తాయి. కూర్చున్నవాళ్ళకి అది లేదు. చేత్తో తోసుకునేవాళ్ళకి ఛాతీ, భుజాలు చెమటలు పట్టేంత వేడెక్కుతాయి, అదే సమయంలో కాళ్ళు చల్లగా బిగుసుకుంటాయి. అంటే పైన పల్చగా, కింద మందంగా ఉండాలి, మనం చేసేది దానికి తలకిందులు. బ్యాటరీ బండి వాళ్ళకి ఏ కండరమూ పెద్దగా పనిచెయ్యదు కాబట్టి పైనా కిందా రెండూ మందమే కావాలి, జాయ్‌స్టిక్ పట్టుకున్న చెయ్యి అన్నిటికన్నా ముందు మొద్దుబారుతుంది.

స్కూటర్ మీద గాలి లెక్క చేరుతుంది. గాలి వేగాన్ని బట్టి ఒంటికి ఎంత చలి తగులుతుందో చెప్పే సూత్రం ఒకటి అమెరికా, కెనడా వాతావరణ శాఖలు వాడతాయి. దాని ప్రకారం 10 డిగ్రీల చలిలో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే తగిలే చలి సుమారు 6 డిగ్రీలంత. ఆదిలాబాద్‌లో డిసెంబరు పొద్దున 10 కన్నా కిందకే పోతుంది, కాబట్టి అక్కడ ఈ అంకె ఇంకా దిగుతుంది. గాలిని ఆపే పల్చటి జర్కిన్ ఒకటి పైన వేస్తే కింద ఒక స్వెటర్ తగ్గించుకోవచ్చు, అల్లిన ఊలు సందుల్లోంచి గాలి నేరుగా దూరుతుంది మరి. పాత రెయిన్‌కోటే ఈ పనికి సరిపోతుంది.

తెలంగాణ గొంగడి సంగతి కూడా చెప్పుకోవాలి. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన ఆ నల్ల కంబళి చిన్న వానలో పైపైనే తడుస్తుంది, తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు, నూలు దుప్పటి అలా కాదు, తడిస్తే ఒంట్లో వేడి లాగేస్తుంది. ఒళ్ళో పరుచుకోడానికి గొంగడి బ్రహ్మాండం. కానీ బరువు, అంచులు చక్రంలోకి జారకుండా తొడల కింద దోపుకోవాల్సిందే.

స్పర్శ ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు

పోలియో కండరాన్ని దెబ్బతీస్తుంది, స్పర్శని కాదు. పోలియో వచ్చిన కాలికి రక్తప్రసరణ మందగించి చలికి నీలంగా, మంచుగడ్డలా అయిపోతుంది, ఆ బాధ మనిషికి పూర్తిగా తెలుస్తుంది. వెన్నుపాము దెబ్బలో ఆ బాధే తెలియకపోవచ్చు. అందుకే వేడినీళ్ళ సంచి, కరెంటుతో వేడెక్కే ప్యాడ్ పోలియో ఉన్న మనిషికి హాయి, స్పర్శ లేని మనిషికి ప్రమాదం. బొబ్బలెక్కేదాకా తెలియదు, తెలిసేసరికి పుండు. బట్ట మడత కూడా అంతే, ప్యాంటు వెనక జేబు గుండీ, నలిగిన కోటు అంచు మనకి చిరాకు, వాళ్ళకి ఒత్తిడి పుండుకి మొదలు.

టీ6 దగ్గరో అంతకన్నా పైనో దెబ్బ ఉన్నవాళ్ళలో బిగుతైన ఎలాస్టిక్, రెయిన్ ప్యాంటు కింద మెలిపడి ఆగిపోయిన మూత్రం గొట్టం లాంటివి బీపీని ఒక్కసారిగా ప్రమాదకరంగా పెంచగలవు. తలనొప్పి, ముఖం ఎర్రబడటం, దెబ్బకి పైభాగంలో చెమటలు దాని గుర్తులు. వాళ్ళ రెయిన్ ప్యాంటుకి పక్క జిప్పు ఉండాలనేది సౌకర్యం కోసం మాత్రమే కాదు, కాలికి కట్టిన మూత్రం సంచి కనిపించాలి, గొట్టం సరిచేసుకోవాలి.

మనిషి పొడిగా, కుషన్ తడిగా

ఆటో వచ్చింది, మనిషిని ఎక్కించారు, వీల్‌చైర్ మడిచి వెనక పెట్టారు. ఈ రెండు నిమిషాల్లో ఒళ్ళో పట్టుకోవాల్సిన కుషన్ వానలో ఉండిపోతుంది. ఫోమ్ నీళ్ళు పీల్చుకుంటుంది, పైగుడ్డ ఆరినా లోపల తడి రోజంతా ఉంటుంది, ఆ తడి మీద కూర్చుంటే చర్మం నానిపోయి పుండుకి దారితీస్తుంది. పైన ప్లాస్టిక్ షీటు పరిచేస్తే సరిపోతుందనుకుంటారు, దానివల్ల చెమట నిలుస్తుంది, మనిషి జారతాడు, షీటు బిగుసుకుంటే కుషన్ ఒత్తిడిని పంచే పని కూడా సరిగ్గా చెయ్యదు. కుషన్‌ని పల్చటి వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టి దాని మీద గాలాడే, సాగే గుడ్డ కవరు వేయడం మధ్యేమార్గం.

కొనడమా, కుట్టించడమా

వీల్‌చైర్ కోసమే తయారైన కోట్లు విదేశాల నుంచి తెప్పిస్తే షిప్పింగ్‌తో కలిపి వేలల్లోకి పోతాయి, కొలత కుదరకపోతే వెనక్కి పంపడం ఇంకో టెన్షన్. కుట్లకి టేపు, ముందు పొడుగు వెనక పొట్టి కోత, అన్నీ ఆలోచించి పెట్టి ఉంటాయి, అది కాదనలేం. మామూలు టైలర్‌కి ఇస్తే చవక, కానీ ఆయన మిషన్ సూది మందపాటి పూత గుడ్డని లాగి పీకుతుంది, టేపు వెయ్యడు. వీళ్ళిద్దరి మధ్య మనం పెద్దగా పట్టించుకోని మనిషి ఒకరున్నారు, బండి సీటు కవర్లు కుట్టే షాపతను. రెగ్జిన్, టార్పాలిన్ కుట్టే బరువైన మిషన్ ఆయన దగ్గరే ఉంటుంది, బెల్టులు, బకిల్స్, వెల్‌క్రో అన్నీ ఉంటాయి. కోటు ఆయన పని కాదు, ఒడి కవరు మాత్రం ఆయనకి సీటు కవరంత తేలిక. పై భాగంలో కుట్టు రాకుండా ఒకే ముక్కలో కత్తిరించమని అడిగితే టేపు సమస్యే ఉండదు, కుట్లన్నీ అంచుల్లోకే పోతాయి. కొలత తీసేటప్పుడు మాత్రం కుషన్ వేసుకుని, రోజూ వేసుకునే చెప్పులతో, పాదాలు పలక మీద పెట్టి కూర్చోవాలి. రెండు మూడు అంగుళాల కుషన్ తీసేసి కొలిస్తే మోకాలి ఎత్తు మారిపోయి కవరు చీలమండ దగ్గరే ఆగుతుంది, కారిన నీళ్ళు నేరుగా బూట్లలోకి దిగుతాయి.